మిత్రుని నేలపై మిత్రుని కన్ను: గ్రీన్లాండ్ నేర్పే పాఠం



గిట్టనివాడు మన పొలం గట్టు జరిపితే ఏమి చేయాలో ఊళ్ళో అందరికీ తెలుసు. పెద్దమనుషులను పిలుస్తాము, సర్వేయరును రప్పించి కొలిపిస్తాము, అవసరమైతే కోర్టు మెట్లెక్కుతాము. కాని ఆపద వస్తే నీ పక్కన నిలబడతానని మాట ఇచ్చిన స్నేహితుడే ఒకనాడు వచ్చి, "నీ పొలం నాకు కావాలి, అమ్ము, లేకపోతే మరో దారి చూసుకుంటాను" అంటే ఏమి చేయాలి? ఇటువంటి చిక్కు మనుషుల మధ్య వచ్చినప్పుడే తీర్చడం కష్టం. దేశాల మధ్య వచ్చినప్పుడు దాని బరువు లక్షల కుటుంబాల మీద పడుతుంది.

ఇటీవలి సంవత్సరాలలో వార్తాపత్రికలలో మీరు తరచుగా చదివిన గ్రీన్లాండ్ వివాదం సరిగ్గా ఇటువంటిదే. ఒకవైపు అమెరికా సంయుక్త రాష్ట్రాలు, మరొకవైపు డెన్మార్కు. ఈ రెండూ నాటో అనే ఒకే సైనిక కూటమిలో 1949 నుండి సభ్యులు. మధ్యలో గ్రీన్లాండ్ ప్రజలు. ఈ కథను మొదటినుండి తెలుసుకుంటే అగ్రరాజ్యాల భూమి ఆశ ఎలా పనిచేస్తుందో, సైనిక కూటములు దేనిమీద నిలబడతాయో, ఎక్కడ బీటలు వారతాయో మనకు స్పష్టమవుతుంది.

దీవి, దాని ప్రజలు

గ్రీన్లాండ్ ప్రపంచంలోకెల్లా పెద్ద దీవి. దాని విస్తీర్ణం సుమారు 21 లక్షల 66 వేల చదరపు కిలోమీటర్లు. అంటే మన భారతదేశంలో దాదాపు మూడింట రెండు వంతులు. అందులో అయిదింట నాలుగు వంతుల నేల ఏడాది పొడుగునా మంచు కిందనే ఉంటుంది. మంచులేని అంచు భాగం ఒక్కటే మన రెండు తెలుగు రాష్ట్రాలను కలిపిన దానికన్నా పెద్దది. ఇంత నేలమీద బ్రతుకుతున్న జనం సుమారు 57 వేలమంది మాత్రమే. వారిలో పదింట తొమ్మిదిమంది దాకా ఇన్యూట్ జాతివారు. తమ దేశాన్ని వారు "కలాల్లిట్ నునాట్" అంటారు. కలాల్లిట్ ప్రజల నేల అని దాని అర్థం. చేపలు పట్టడం వారి ముఖ్య జీవనాధారం. ఒక ఊరి నుండి మరో ఊరికి రోడ్డు లేదనే చెప్పాలి. పడవమీదనో, విమానంలోనో, ఉత్తరాన కుక్కలు లాగే బండ్లమీదనో పోవాలి.

కతోలిక పాఠకులకు ఆసక్తి కలిగించే విషయం ఒకటి ఇక్కడ ఉన్నది. 10వ శతాబ్దం చివర ఐస్లాండ్ నుండి నార్స్ జాతివారు వచ్చి ఈ దీవి దక్షిణాన స్థిరపడ్డారు. 12వ శతాబ్దంలో వారికోసం గార్దార్ అనే చోట ఒక మేత్రాసనం ఏర్పడింది. పునీత నికొలాసువారి పేరిట అక్కడ కతెద్రల్ కట్టుకున్నారు. 1408లో హ్వాల్సే గుడిలో జరిగిన ఒక వివాహాన్ని గురించిన వ్రాతలే ఆ సమాజాన్ని గురించి మిగిలిన చివరి వ్రాతలు. ఆ తరువాత వారు అంతరించిపోయారు. 1721లో హాన్స్ ఎగెదే అనే లూథరన్ బోధకుడు వారిని వెదుక్కుంటూ వచ్చి, ఇన్యూట్ ప్రజలను కలుసుకున్నాడు. డెన్మార్కు పాలన ఆనాటి రాకతో మొదలైంది. నేడు గ్రీన్లాండ్‌లో లూథరన్లే అత్యధికులు. కొద్దిమంది కతోలికుల కోసం రాజధాని నూక్‌లో క్రీస్తురాజు దేవాలయం ఉన్నది. అది కోపెన్‌హేగన్ మేత్రాసనం కిందికి వస్తుంది. గార్దార్ అన్న పేరు మాత్రం గుర్తుంచుకోండి. ముందు ముందు మళ్ళీ వస్తుంది.

అమ్మిన భూములు, అడగని మనుషులు

భూములను, వాటిమీద ఉన్న మనుషులతో సహా, రాజ్యాలు కొనడం, అమ్మడం ఒకప్పుడు మామూలు సంగతి. డెన్మార్కు కూడ అలా అమ్మినదే. తమిళనాడు తీరంలోని తరంగంబాడి, బెంగాలులోని సెరంపూర్ ఒకప్పుడు డేన్ల వర్తక స్థావరాలు. 1845లో డెన్మార్కు వాటిని 12 లక్షల 50 వేల రూపాయలకు ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి అమ్మివేసింది. 1867లో రష్యా నుండి అలాస్కాను అమెరికా 72 లక్షల డాలర్లకు కొన్నది. 1917లో వెస్టిండీస్‌లోని డెన్మార్కు దీవులను అదే అమెరికా 2 కోట్ల 50 లక్షల డాలర్లకు కొన్నది. ఆ అమ్మకంపై 1916 డిసెంబరులో డెన్మార్కు పౌరులు ఓటు వేశారు. అమ్ముడుపోయిన దీవులలో ఉన్నవారికి మాత్రం ఆ ఓటు లేదు.

ఆ బేరంలోనే అమెరికా ఒక మాట ఇచ్చింది. గ్రీన్లాండ్ అంతటికీ డెన్మార్కు తన అధికారాన్ని విస్తరించుకుంటే తమకు అభ్యంతరం లేదని 1916లో లిఖితపూర్వకంగా తెలిపింది. అయినా 1946లో, రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, 10 కోట్ల డాలర్ల విలువగల బంగారం ఇస్తాము, గ్రీన్లాండ్‌ను అమ్మండి అని అమెరికా ప్రభుత్వం డెన్మార్కును అడిగింది. డెన్మార్కు ఒప్పుకోలేదు.

అడగడం తప్పా అని మీరు అనవచ్చు. బైబులులోని నాబోతు ద్రాక్షతోట కథను జ్ఞాపకం చేసుకోండి. ఆహాబు రాజు మొదట కత్తి దూయలేదు. తోటకు వెల ఇస్తానన్నాడు, ఇంకా మంచి తోట ఇస్తానన్నాడు. అది పితరుల స్వాస్థ్యమని నాబోతు కాదన్నాడు. అడిగినంత మాత్రాన అన్యాయం జరగలేదు. "ఇవ్వను" అన్న జవాబును రాజు సహించలేకపోవడంతో అన్యాయం మొదలైంది. బేరం ఎక్కడ ఆగిపోయి బలవంతం ఎక్కడ మొదలవుతుందో తెలుసుకోవడానికి ఈ కొలమానం చాలు.

కోర్టుకు వెళ్ళిన పొరుగువారు

1931లో నార్వే దేశం గ్రీన్లాండ్ తూర్పు తీరంలో కొంత భాగాన్ని తనదిగా ప్రకటించుకున్నది. పూర్వం నార్స్ వారు అక్కడికి వచ్చారు గదా, మా వేటగాళ్ళు ఇప్పటికీ పోతున్నారు గదా అని వారి వాదన. డెన్మార్కు తన సైన్యాన్ని పంపలేదు. ఇరువురూ హేగ్ నగరంలోని అంతర్జాతీయ న్యాయస్థానం ముందు నిలబడ్డారు. 1933 ఏప్రిల్ 5న తీర్పు డెన్మార్కు పక్షాన వచ్చింది. నార్వే ఆ తీర్పుకు తలవంచి తన ప్రకటనను వెనక్కు తీసుకున్నది.

ఆ తరువాత ఏమైందో చూడండి. 1940 ఏప్రిల్ 9న హిట్లర్ సైన్యాలు ఒకే రోజున ఈ రెండు దేశాల మీదా పడ్డాయి. తీర్పు వచ్చిన 16 ఏళ్ళకు, 1949లో, ఇరువురూ కలిసి నాటో ఒడంబడికపై సంతకాలు చేశారు. తగాదా న్యాయంగా తీరింది కనుకనే స్నేహం మిగిలింది. గట్టు తగాదాలో ఓడిపోయినవాడు గెలిచినవాడితో కలిసి కాపలా కాయగలిగాడంటే, పెద్దమనుషుల తీర్పును ఇద్దరూ గౌరవించడమే కారణం.

ఏ మాటమీద కూటమి నిలిచింది

డెన్మార్కు జర్మనీ చేతికి చిక్కిన తరువాత గ్రీన్లాండ్ ఒంటరిదైంది. విమానాల తయారీకి కావలసిన అల్యూమినియం కోసం వాడే క్రయొలైట్ ఖనిజం అక్కడి ఇవిట్టూట్ గనిలో ఉన్నది. అది శత్రువుల పాలు కాకూడదు. వాషింగ్టన్‌లోని డెన్మార్కు రాయబారి హెన్రిక్ కాఫ్‌మన్, జర్మనీ అదుపులో ఉన్న తన ప్రభుత్వాన్ని అడగకుండానే, 1941 ఏప్రిల్ 9న అమెరికాతో ఒప్పందం చేసుకున్నాడు. అమెరికా అక్కడ స్థావరాలు కట్టుకోవచ్చు. అయితే గ్రీన్లాండ్‌పై సార్వభౌమాధికారం డెన్మార్కుదే. కోపెన్‌హేగన్‌లోని ప్రభుత్వం అతనిపై రాజద్రోహ నేరం మోపింది. 1945లో దేశానికి విముక్తి కలిగాక డెన్మార్కు పార్లమెంటు ఆ ఒప్పందాన్ని ఆమోదించింది.

1951 ఏప్రిల్ 27న కుదిరిన రక్షణ ఒప్పందంలోనూ అదే సూత్రం ఉన్నది. నాటో ఒడంబడిక ఉన్నంతకాలం అది అమలులో ఉంటుంది. దాని ప్రకారం అమెరికా గ్రీన్లాండ్‌లో నిర్ణయించిన చోట్ల సైనిక స్థావరాలు నడుపుకోవచ్చు. అక్కడ రెండు దేశాల జెండాలూ ఎగురుతాయి. నేల మాత్రం డెన్మార్కు రాజ్యానిదే. దీనిని మన పల్లె మాటల్లో చెప్పుకుంటే, పొరుగువాని పొలంగుండా బండి దారి ఇచ్చినట్టు. దారి నీది, పొలం అతనిది.

ఆ దారి అమెరికాకు నిజంగానే అవసరం. గోళం ముందు పెట్టుకుని చూడండి. రష్యా నుండి అమెరికాకు దగ్గరి దారి ఉత్తర ధ్రువం మీదుగా పోతుంది. క్షిపణి వస్తే ఆ దారినే రావాలి. అందుకే ఉత్తర ధ్రువ వలయానికి సుమారు 1,200 కిలోమీటర్ల పైన తూలే స్థావరం వెలసింది. అక్కడి రాడార్లు ఆకాశాన్ని కాపలా కాస్తున్నాయి. 2023లో దానికి పిటుఫిక్ అంతరిక్ష స్థావరమని స్థానిక పేరు పెట్టారు. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో వేలమంది సైనికులు ఉండిన చోట ఇప్పుడు ఉన్నది రెండు వందలలోపే. ఒప్పందం అడ్డు వచ్చి తగ్గించలేదు. అవసరం తగ్గిందని అమెరికాయే తగ్గించుకున్నది.

స్నేహితులు చేసిన గాయాలు

ఆంబోతుల కొట్లాటలో లేగల కాళ్ళు విరిగినట్లు, ఇంత మంచి ఒప్పందం కూడ చిన్నవారిని గాయపరచింది. 1953లో తూలే స్థావరాన్ని విస్తరించడానికి అక్కడి ఇన్యూట్ కుటుంబాలను నూరు కిలోమీటర్లకు పైగా ఉత్తరాన ఉన్న కానాక్‌కు తరలించారు. సర్దుకోవడానికి వారికి కొద్ది రోజులే గడువు. తరతరాల వేట స్థలాలు వదిలి పోవలసి వచ్చింది. 1999లో డెన్మార్కు హైకోర్టు అది అన్యాయమని తీర్పు చెప్పింది. అదే ఏడాది ప్రధానమంత్రి క్షమాపణ కోరారు. వెళ్ళగొట్టబడిన నాటికి పిల్లలైనవారు అప్పటికి ముసలివారయ్యారు.

1968 జనవరి 21న నాలుగు హైడ్రోజన్ బాంబులు మోస్తున్న అమెరికా బి-52 విమానం తూలే దగ్గర సముద్రపు మంచుమీద కూలిపోయింది. అణుధార్మిక పదార్థం మంచుమీద చెల్లాచెదరైంది. తన నేలమీద అణ్వాయుధాలు ఉండరాదన్నది 1957 నుండి డెన్మార్కు ప్రకటిత విధానం. అదే 1957లో ఆనాటి ప్రధానమంత్రి గ్రీన్లాండ్ విషయంలో అమెరికాకు గుట్టుగా పచ్చజెండా ఊపారని 1995లో బయటపడింది.

డెన్మార్కు చేతులూ శుభ్రమైనవి కావు. 1960లలో మొదలుపెట్టి వేలాది గ్రీన్లాండ్ స్త్రీలకు, చిన్న వయసు బాలికలకు సైతం డెన్మార్కు వైద్యులు గర్భనిరోధక సాధనాలు అమర్చారు. చాలమంది విషయంలో వారిని గాని, తల్లిదండ్రులను గాని అడగలేదు. దీనికి 2025లో ప్రధానమంత్రి మెటె ఫ్రెడెరిక్సన్ క్షమాపణ చెప్పారు. కాబట్టి ఈ కథలో ఒకరు దుష్టుడు, ఒకరు పుణ్యాత్ముడు అని చెప్పుకోవడానికి వీలులేదు. గ్రీన్లాండ్ ప్రజల సమ్మతిని అడగకపోవడం ఇద్దరూ చేసిన తప్పే.

ఆ తప్పును సరిదిద్దే ప్రయత్నాలూ జరిగాయి. 1979లో గ్రీన్లాండ్‌కు స్వపరిపాలన వచ్చింది. 2009లో వచ్చిన చట్టం గ్రీన్లాండ్ వారిని అంతర్జాతీయ న్యాయం ప్రకారం స్వయంనిర్ణయ హక్కుగల ప్రజగా గుర్తించింది. వారు కోరుకుంటే ప్రజాభిప్రాయ సేకరణ జరిపి, డెన్మార్కు పార్లమెంటు సమ్మతితో స్వతంత్రులు కావచ్చు. మధ్యలో 2004 ఆగస్టులో 1951 ఒప్పందాన్ని సవరించారు. స్థావరాలలో పెద్ద మార్పులేవైనా చేసేముందు డెన్మార్కుతోనే కాక గ్రీన్లాండ్ ప్రభుత్వంతోనూ సంప్రదించాలని వ్రాసుకున్నారు. అమెరికా, డెన్మార్కు ప్రతినిధులతోపాటు గ్రీన్లాండ్ ప్రతినిధి సంతకం కూడ దానిమీద ఉన్నది. సంతకాలు జరిగిన చోటు ఇగలికు అనే చిన్న పల్లె. అదే పూర్వపు గార్దార్, పాత కతెద్రల్ రాళ్ళు ఇప్పటికీ కనిపించే ఊరు.

2019 తరువాత

2019 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ గ్రీన్లాండ్ కొనుగోలు మాట ఎత్తారు. ఆ చర్చకే అర్థం లేదని ఫ్రెడెరిక్సన్ అనగా, ఆయన తన డెన్మార్కు పర్యటన రద్దు చేసుకున్నారు. 2025 జనవరి 7న, రెండవసారి పదవి చేపట్టబోయేముందు, గ్రీన్లాండ్ కోసం సైనిక బలం గాని ఆర్థిక ఒత్తిడి గాని వాడబోమని హామీ ఇవ్వడానికి ఆయన నిరాకరించారు. ఆ నెలలో జరిగిన అభిప్రాయ సేకరణలో గ్రీన్లాండ్ వారిలో 85 శాతం మంది అమెరికాలో చేరడం ఇష్టం లేదన్నారు. మార్చి 11న ఎన్నికలు జరిగాయి. ఆ నెలాఖరుకు అయిదు పార్టీలలో నాలుగు కలిసి యెన్స్-ఫ్రెడెరిక్ నీల్సన్ నాయకత్వాన ప్రభుత్వం ఏర్పరచాయి. 2026 జనవరిలో వివాదం ఇంకా ముదిరింది. డెన్మార్కుకు అండగా నిలిచిన ఐరోపా దేశాల సరుకులపై సుంకాలు వేస్తామని ట్రంప్ హెచ్చరించారు. కొద్ది రోజులకే దావోస్‌లో బలప్రయోగం చేయబోమని ప్రకటించి, ఆ సుంకాల హెచ్చరికను కూడ ఉపసంహరించుకున్నారు.

అమెరికా వాదనను కూడ న్యాయంగా వినాలి. ధ్రువ ప్రాంతపు మంచు కరుగుతున్నది, కొత్త ఓడ దారులు తెరుచుకుంటున్నాయి. రష్యా ఉత్తరాన తన స్థావరాలను బలపరచుకున్నది. చైనా తనను ధ్రువ ప్రాంతానికి సమీప దేశంగా 2018లో చెప్పుకున్నది. దీవిలో విలువైన అరుదైన ఖనిజాలున్నాయి. అంత పెద్ద నేలను కాపాడడానికి డెన్మార్కు ఎన్నో ఏళ్ళు తగినంత ఖర్చు చేయలేదన్న మాటా నిజమే. ఆ లోటు తెలిసే 2025 జనవరిలో డెన్మార్కు ధ్రువ ప్రాంత రక్షణకు 1,460 కోట్ల క్రోనర్లు ప్రకటించింది.

అవసరం వేరు, సొంతం వేరు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాము. రాడార్లు కావాలా? 1951 ఒప్పందం ఇస్తుంది. మరిన్ని స్థావరాలు, మరింతమంది సైనికులు కావాలా? సంప్రదించి పెట్టుకోవచ్చు. ఖనిజాలు కావాలా? గ్రీన్లాండ్ ప్రభుత్వంతో వ్యాపారం చేయవచ్చు. భద్రతకోసం అవసరమైనవన్నీ ఒప్పందం ద్వారానే దొరికేటప్పుడు, ఇంకా యాజమాన్యం కావాలనడం భద్రతకు సంబంధించిన కోరిక కాదు. బండి దారి ఉన్నవాడు పొలం పట్టా అడిగితే, అతనికి కావలసింది దారి కాదని ఊరంతా గ్రహిస్తుంది.

దీనివలన కూటమికి కలిగే నష్టం ఏమిటి? నాటో బలం ఆయుధాలలో మాత్రమే లేదు. ఒకరిపై దాడి జరిగితే అందరిపై జరిగినట్టే అన్న అయిదవ అధికరణం మాటలో ఉన్నది. ఆ అధికరణాన్ని కూటమి చరిత్రలో ఒక్కసారే, 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత, అమెరికా పక్షాన ప్రయోగించారు. ఆ మాట నిలబెట్టుకోవడానికి ఆఫ్ఘనిస్తాన్‌కు సైనికులను పంపిన దేశాలలో డెన్మార్కు ఒకటి. అప్పటికి అరవై లక్షల జనాభా కూడ నిండని ఆ దేశం అక్కడ 40 మందికి పైగా సైనికులను పోగొట్టుకున్నది. ఆ తల్లులు తమ బిడ్డలను ఇచ్చింది మిత్రుని మాటను నమ్మి.

2022లో రష్యా ఉక్రెయిన్‌పై దండెత్తినప్పుడు, తరాల తరబడి తటస్థంగా ఉండిన ఫిన్లాండ్, స్వీడన్ నాటోలో చేరాయి. ఒకటి 2023లో, మరొకటి 2024లో. పెద్ద పొరుగువాడు సరిహద్దు జరుపుతాడన్న భయం చిన్న దేశాలను కూటమిలోకి తెచ్చింది. అదే భయం కూటమి లోపలే పుడితే అవి ఎక్కడికి పోవాలి? ప్రతి దేశం తన ఆయుధాలను తానే పోగుచేసుకోవాలని చూస్తుంది. అప్పుడు ప్రమాదం ఐరోపాతో ఆగదు. చిన్న రాజ్యమైనా పెద్ద రాజ్యమైనా గౌరవంలో సమానమని 1963లో 23వ జాన్ పోపుగారు "పాచెమ్ ఇన్ తెర్రిస్" విశ్వలేఖలో బోధించింది, అణుయుద్ధపు అంచుదాకా పోయి వచ్చిన లోకానికే. ఆ బోధ ఈ వివాదానికి చక్కగా వర్తిస్తుంది.

ఇంట్లో మాట్లాడుకోవడానికి

1. నార్వే హేగ్ తీర్పును త్రోసిపుచ్చి ఉంటే, ఆ రెండు దేశాల సంబంధం తరువాత ఎలా ఉండేది?

2. 1917లో దీవులను అమ్మినప్పుడు, 1953లో కుటుంబాలను తరలించినప్పుడు లోపించినది ఏమిటి? 2004లో ఇగలికులో జరిగిన పనికి, వాటికి తేడా ఏమిటి?

3. మన ఊళ్ళో దారి, కాలువ, గట్టు తగాదాలలో "నాకు అవసరం" అన్న మాట చాటున "నాకు సొంతం కావాలి" అన్న కోరిక ఎప్పుడైనా దాగి ఉంటుందా?

పిల్లలకు గోళమో, పటమో చూపించి ఈ ప్రశ్నలు అడగండి. గ్రీన్లాండ్‌ను పటంలో తెల్లటి మంచు ముద్దగా చూపుతారు. అక్కడ 57 వేలమంది ఉన్నారని, వారికి ఒక భాష, ఇళ్ళు, సమాధులు ఉన్నాయని, తమ నేలను గురించి చివరి మాట తమదే కావాలని వారు కోరుతున్నారని పిల్లలకు చెప్పండి.